తుఫాను పైలట్ సంతకం

స్టూబెన్‌విల్, ఒహాయో
మే 22

చిరంజీవి తమ్ముడు కర్టిస్‌ను అక్క డార్లా ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ బావ డెల్, చెవుడొచ్చిన కుక్క, ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ అలాస్కాలో, కోడియాక్‌లో నువ్వు, మరదలు హైడీ, మేనకోడలు పైపర్ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. సంతోషించాను అని రాసి కాసేపు కలం పక్కన పెట్టాను. ఆ సంగతి తర్వాత.

నీ ఉత్తరం సోమవారం అందింది. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు అలాగే ఉంది. స్కూలు బస్సుకు రోజుకు ఎన్నిసార్లు బ్రేకు తొక్కుతానో డాక్టరుకు తెలియదు, అందుకే తేలిగ్గా విశ్రాంతి తీసుకోమంటాడు. బడికి సెలవులిచ్చాక ఆపరేషన్ సంగతి చూస్తాను. అమ్మ సమాధి రాయి మీద తప్పు పడిన సంవత్సరాన్ని చెక్కేవాడు ఎట్టకేలకు సరిచేశాడు. బెవ్ పిన్ని నిన్ను అడిగింది. ఆమెకు ఇప్పుడు మనుషులు సరిగ్గా గుర్తుండడం లేదు, నీ పేరు మాత్రం మర్చిపోలేదు. మీ బావ వేసిన టమాటా మొక్కల్ని మళ్లీ జింకలు తినేశాయి. ఆయన కంచె కడుతున్నాడు, జింకలు పక్కనే నిలబడి చూస్తున్నాయి.

మిగతా సంగతులు ఫోన్ చేసి చెప్పమన్నావు. అమ్మ అంత్యక్రియల తర్వాత మనం ఫోన్‌లో రెండుసార్లు మాట్లాడుకున్నాం. రెండుసార్లూ ఎవరో ఒకరం మధ్యలో పెట్టేశాం. కాగితాన్నయితే నువ్వు విసిరికొట్టినా మళ్లీ తీసి చదువుతావు. నాకు నీ సంగతి తెలుసు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏప్రిల్‌లో మాకు దగ్గర్లోని పిట్స్‌బర్గ్‌లో జరిగిన కామిక్స్ సంబరానికి నీ బదులు నన్ను వెళ్లమన్నావు. చేపల పడవలు సముద్రంలోకి దిగే ముందు ఇంజన్ల పని వదిలి రాలేనన్నావు. మన చిన్నప్పుడు టీవీలో తుఫాను పైలట్‌గా వేసిన లైల్ బ్రానక్ వస్తున్నాడని, నీకు ఎనిమిదేళ్లప్పుడు ఆసుపత్రికి ఆయన రాసిన ఉత్తరం మీద మళ్లీ సంతకం చేయించుకు రమ్మని, ఆ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, రెండు అట్టల మధ్య భద్రం చేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపావు. నేను వెళ్లాను. ఆ తర్వాత జరిగిందంతా నీకు రేవులో ఎవరో ఫోన్‌లో చూపించారు. పడవలో కూర్చుని ఏడ్చానని రాశావు. అక్టోబరులో ఆయన సియాటిల్ వస్తున్నాడని, పైపర్‌ను కూడా తీసుకెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని కృతజ్ఞతలు చెప్పుకుంటానని రాశావు.

ఇంకో వాక్యం కూడా రాశావు. "ఆ ఏడాది ఊరూ పేరూ తెలియని నాకు ఉత్తరం రాయడానికి ఆయనకు తీరిక దొరికింది. మన ఇంట్లోవాళ్లకే దొరకలేదు. పోనీలే అక్కా, నువ్వు ఇప్పుడు నా కోసం వెళ్లావు, నేను పాతదంతా వదిలేశాను" అని.

దగ్గర్నుంచి ఎలా ఉన్నాడని అడిగావు కదా, చెబుతాను.

శనివారం పొద్దున్నే వెళ్లాను. మన ఊళ్లో ఉన్న జనం కన్నా ఆ హాల్లోనే ఎక్కువమంది ఉన్నారు. పేరుకు కామిక్స్ సంబరమే గాని బొమ్మల పుస్తకాలు ఎక్కడున్నాయో చాలాసేపు కనిపించలేదు. ముందంతా నటులే. ఒక్కొక్కరికీ ఒక తెర, ఒక బల్ల, వెనక నిలువెత్తు ముఖం. నేల మీద టేపు అతికించి వరసలు గీశారు. బ్రానక్ వరసలో నా ముందు ఎమిల్ దుబోవ్‌స్కీ అని ఒక పెద్దాయన నిలబడ్డాడు. రిటైరైన పోస్ట్‌మ్యాన్. తోలు టోపీ, కళ్లద్దాలు, మెడలో తెల్ల గుడ్డ, అంతా తుఫాను పైలట్ వేషం. పొట్ట దగ్గర మాత్రం గుండీలు పట్టలేదు.

"మొదటిసారా అమ్మాయ్?" అన్నాడు. అవునన్నాను. "నేను ఇరవై రెండేళ్లుగా వస్తున్నా. అప్పట్లో పుస్తకాలు ముందుండేవి, మొహాలు వెనక. ఇప్పుడంతా తిరగబడింది. చూస్తూ ఉండు, ఆయన నీ కళ్లలోకి నాలుగు సెకన్లు చూస్తాడు. నేను లెక్కపెట్టాను."

మరి ఎందుకు వస్తున్నారని అడిగితే, ఆ నాలుగు సెకన్లు కూడా చూసేవాళ్లు ఇంట్లో లేరని చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. రెండు గంటలు నిలబడ్డాం. మోకాలు నొప్పి చూసి తన మడత కుర్చీ నాకిచ్చాడు. సంబరం మొత్తంలో నాకు దొరికిన మర్యాద అదొక్కటే, అందుకే రాస్తున్నాను.

బల్ల దగ్గర బ్రానక్ పనులు చూసే పిల్ల ఒకతె ఉంది. నీ పేరు అడిగి పసుపు చీటీ మీద రాసి ఉత్తరం మీద అతికించింది. ఆయన చూసి చదువుకోవడానికి. "కథ చెప్పకండి మేడమ్, వరస ఆగిపోతుంది" అని ముందే హెచ్చరించింది.

జుట్టు సొంతది కాదు తమ్ముడూ. పళ్లు కూడా కాదేమో. వయసు ఎనభై దాటి ఉంటుంది. చేతులు సన్నగా వణుకుతున్నాయి, గొంతు మాత్రం అదే గొంతు. ఉత్తరం ముందుకు జరిపాను. అలవాటుగా కలం ఎత్తి ఆగాడు. పై రెండు లైన్లు చదివాడు, తేదీ చూశాడు, కింద తన పేరు చూశాడు. తర్వాత పసుపు చీటీ చూశాడు.

"కర్టిస్," అన్నాడు. "ఆ ఆసుపత్రి పిల్లాడు. ఎలా మర్చిపోతానమ్మా."

వరసలో నా వెనకవాళ్లు మెడలు సాచి ముందుకు వంగారు. ఆయన ఇంకా చదివి, మెరుపు అనే మాటలో ఒక అక్షరం ఎక్కువ పడిన చోట వేలు పెట్టి నవ్వాడు. "చూడు, నాకు స్పెల్లింగ్ ఎప్పుడూ రాదు. మా ఆవిడ వెక్కిరించేది." అందరూ నవ్వారు. ఆయన వెండి రంగు కలం తీసుకుని ఉత్తరం మధ్యలో, అక్షరాల మీదుగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా సంతకం చేశాడు. ఆ సంతకం కింద నాలుగు లైన్లు పోయాయి. ఇప్పుడు వెలుతురుకు పట్టుకుని చూస్తే తప్ప కనిపించవు.

ఎమిల్ చెప్పిన నాలుగు సెకన్లు నాకు నలభై అయ్యాయి. ఆ పిల్ల వంగి ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన తలూపాడు. మధ్యాహ్నం మూడింటికి పెద్ద వేదిక మీద ఆయన మాట్లాడతాడని, అప్పటిదాకా ఉత్తరం తమ దగ్గర ఉంచుకుంటామని, నా కోసం ముందు వరసలో సీటు ఉంచుతామని చెప్పింది. నేను సరే అనకముందే ఉత్తరం బల్ల కిందకు వెళ్లిపోయింది.

మూడింటి దాకా ఏం చేయాలో తోచక నడుచుకుంటూ హాలు చివరకు వెళ్లాను. అక్కడ, సరుకులు దించే తలుపుల పక్కన, గాలికి కాగితాలు ఎగిరిపోయే చోట, బొమ్మలు గీసేవాళ్లను కూర్చోబెట్టారు. అందులో ఒక ముసలాయన ముందు తుఫాను పైలట్ పాత పుస్తకాలున్నాయి. పేరు హాల్ ఆస్ట్రాండర్. ఆ టోపీ, ఆ కళ్లద్దాలు, ఆ విమానం, అన్నీ మొదట గీసింది ఆయనే. బల్ల ముందు ఒక్కరూ లేరు. నేను ఆగేసరికి, "నువ్వు కొనే మనిషివా, చూసే మనిషివా?" అన్నాడు. చూసే మనిషినేనన్నాను. "అయితే కాసేపు ఇక్కడ కూర్చో, నేను బాత్‌రూమ్‌కి వెళ్లొస్తా. పొద్దున్నుంచీ కదల్లేదు" అన్నాడు.

ఇరవై నిమిషాలు ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఒకే ఒక్క మనిషి వచ్చాడు. బ్రానక్ వరస ఎటు అని అడిగి వెళ్లిపోయాడు. ఆస్ట్రాండర్ తిరిగొచ్చి ఎవరైనా వచ్చారా అని అడిగితే లేదన్నాను. కాఫీ ఉందేమోనని గ్లాసు వంచి చూసుకున్నాడు.

వేదిక మీద జరిగింది నువ్వు చూశావు. చూడనిదేమంటే, ముందు వరసలో నా వెన్నంతా చెమట పట్టింది. ఆయన ఉత్తరం పైకెత్తి చూపించి, ఎనభై అయిదులో ఒక సాయంత్రం షూటింగ్ ముగించుకుని, మేకప్ కూడా తీయకుండా కూర్చుని ఈ ఉత్తరం రాశానని చెప్పాడు. తర్వాత చదివాడు. "తుఫానులోకి వెళ్లే ముందు నాకూ భయమే కర్టిస్. పళ్ల సందుల్లోంచి ఈల వేసుకుంటూ వెళతాను. సూది తెచ్చినప్పుడు నువ్వూ ఈల వెయ్యి. ఎంత దూరాన ఉన్నా నేను వింటాను." చివరి మాట దగ్గర గొంతు వణికించాడు. వెయ్యిమందికి పైగా లేచి నిలబడ్డారు. ఎమిల్ టోపీ తీసి ఏడుస్తున్నాడు. నన్ను నిలబడమన్నారు, మైకు చేతికిచ్చారు. "కర్టిస్ ఎలా ఉన్నాడమ్మా?" అని బ్రానక్ అడిగాడు. బాగున్నాడు, పడవల ఇంజన్లు బాగుచేస్తాడు, మీకు చాలా కృతజ్ఞతలు అన్నాను. నువ్వు చూసింది అదే. అక్క కళ్లలో నీళ్లు చూసి నాకూ ఆగలేదని రాశావు. అవి ఆనందబాష్పాలు కావు కర్టిస్.

ఆ ఉత్తరం రాసింది నేను.

నాకప్పుడు పదమూడేళ్లు. అమ్మ నీతో ఆసుపత్రిలో ఉంది, నాన్న మూతపడబోయే మిల్లులో దొరికిన షిఫ్టు వదలకుండా చేస్తున్నాడు, నన్ను బెవ్ పిన్ని ఇంట్లో పెట్టారు. పదహారేళ్లు నిండని పిల్లల్ని మీ వార్డులోకి రానిచ్చేవాళ్లు కాదు. ఒక్కసారి వచ్చి కింద గేటు దగ్గర నుంచుని నీ కిటికీ ఏదో తెలియక అన్ని కిటికీలకూ చెయ్యి ఊపాను. అందుకని ఉత్తరాలు రాశాను. వారం వారం రాశాను. కుక్క సంగతి, మంచు సంగతి, నీ మంచం మీద ఎవర్నీ పడుకోనివ్వడం లేదనే సంగతి. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఒకరోజు అమ్మ ఫోన్ చేసి, "ఇంక రాయకే డార్లా. మొదటిది చదివి ఇంటికి పోదామని మూడు రోజులు అన్నం ముట్టలేదు వాడు. మిగిలినవి నేనే దాచేశాను" అంది. నీకు అందింది ఆ మొదటిది ఒక్కటే. అది కూడా నీకు గుర్తులేదని తర్వాత అర్థమైంది.

వెన్నులో సూది గుచ్చడానికి నలుగురు పట్టుకోవాల్సి వస్తోందని కూడా అమ్మ అదే ఫోన్‌లో చెప్పింది. తుఫాను పైలట్‌కు నువ్వు రాసిన ఉత్తరానికి జవాబు రాలేదని, రోజూ పోస్టు వచ్చే వేళకు తలుపు వైపు చూస్తున్నావని చెప్పింది. నా పేరుతో రాస్తే నీకు చేరదు. అందుకని ఆయన పేరుతో రాశాను. బాబాయి సిరా కలం దొంగిలించి, అక్షరాలు పక్కకు వాల్చి, అయిదు కాగితాలు పాడుచేసి ఆరోది రాశాను. పక్కింటి జెలిన్‌స్కీ లారీ తోలుకుని కాలిఫోర్నియా వెళుతుంటే అక్కడి పోస్టు డబ్బాలో వేయమని బతిమాలాను. ఆయన ఎందుకని అడగలేదు. వేశాడు.

నాలుగు రోజుల తర్వాత, సూది వేసేటప్పుడు నువ్వు ఈల వేశావని అమ్మ చెప్పింది. తర్వాత, "మెరుపులో ఆ అక్షరం నువ్వు ఎప్పుడూ ఎక్కువే వేస్తావు" అంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "వాడికి ఎప్పటికీ చెప్పనని మాటివ్వు" అంది. ఇచ్చాను.

నువ్వు బతికి ఇంటికొచ్చావు. వచ్చిన రోజు నాతో మాట్లాడలేదు. నాకు అక్క లేదు, తుఫాను పైలట్ ఉన్నాడు అని బెవ్ పిన్నితో అన్నావు. పిల్లాడివి, మర్చిపోతావులే అనుకున్నాం. నువ్వు పెద్దయ్యావు, పెళ్లయింది, కూతురు పుట్టింది, ఉన్న భూమి చాలనట్టు అలాస్కా వెళ్లావు. ఆ ఉత్తరం నీతోపాటు అన్ని ఇళ్లూ మారింది. నా పెళ్లికి రాలేదు. అమ్మ అంత్యక్రియల రోజు వంటింట్లో, అందరూ వింటుండగా, "నేను చస్తుంటే ఒక్క ముక్క రాయని మనిషివి" అన్నావు. అమ్మ ఆ పక్క గదిలోనే పెట్టెలో ఉంది. ఆమెకిచ్చిన మాట ఆమె ముందే ఎలా తప్పను.

సభ అయ్యాక ఉత్తరం కోసం వేదిక వెనక్కి వెళ్లాను. ఆ పిల్ల, బ్రానక్ గారు దీన్ని తన దగ్గర ఉంచుకోవాలనుకుంటున్నారు, బదులుగా సంతకం చేసిన పెద్ద ఫొటో ఇస్తారు అంది. ఇది నా తమ్ముడిది, ఇవ్వమన్నాను. గొడవవుతుందని ఆమె నన్ను ఆయన దగ్గరకే తీసుకెళ్లింది. సోఫాలో బూట్లు విప్పి కూర్చుని సూప్ తాగుతున్నాడు. ఆమె బయటకు వెళ్లాక చెప్పాను, ఇది రాసింది నేనేనని.

ఆయన ఉలిక్కిపడలేదు. చెంచా గిన్నెలో పెట్టాడు. "ఎవరో ఒకరు రాసి ఉంటారనుకున్నా" అన్నాడు. "ఆ రోజుల్లో వారానికి రెండు బస్తాల ఉత్తరాలొచ్చేవమ్మా. ఒక్కటీ విప్పలేదు. తాగుతూ ఉండేవాణ్ని. ఇవాళ నీ ఉత్తరం చూసి, పోనీ ఒక్కటైనా రాశాను కదా అనిపించింది. రాయలేదని తెలుసు. అయినా అనిపించింది."

అక్కడితో ఆపి ఉంటే ఆయన్ని క్షమించేదాన్నేమో. కానీ నా చెయ్యి పట్టుకుని, వేదిక మీది గొంతుతో, "మీ తమ్ముడికి చెప్పకు. పాపం, నలభై ఏళ్లుగా దాన్ని పట్టుకుని బతికాడు. అతని మంచి కోరి ఊరుకో" అన్నాడు.

అమ్మ అన్నదీ అదే. ఇంటికొచ్చి మీ బావకు చెబితే ఆయనా అదే అన్నాడు. నీ మంచి కోసం అందరూ నన్నే ఊరుకోమంటారు. నేను ఉత్తరం తీసుకుని, ఆయన చెయ్యి విడిపించుకుని వచ్చేశాను. తలుపు దగ్గర ఆ పిల్ల పెద్ద ఫొటో చేతిలో పెట్టింది. దాన్ని బయట ఎమిల్‌కు ఇచ్చేశాను. ముసలాయన ఎంత మురిసిపోయాడో చెప్పలేను.

నెల రోజులు ఊరుకున్నాను కూడా. నీ ఆనందం చూసి ఇంకా ఊరుకునేదాన్నే. కానీ పోయిన శుక్రవారం బస్సులో వెనక సీటు ఆడపిల్లలు ఏదో చూసి ముక్కు చీదుతున్నారు. ఏమిటని అడిగితే ఫోన్ చూపించారు. బ్రానక్ ఇంకో ఊళ్లో ఇదే కథ చెబుతున్నాడు. ఇప్పుడు ఆ కథలో ఆయన ఆసుపత్రికి కూడా వచ్చాడు. విమానంలో వచ్చి, రాత్రంతా నీ మంచం పక్కన కూర్చుని, నీ చెయ్యి పట్టుకున్నాడట. అక్టోబరు నాటికి సియాటిల్‌లో నిన్ను తన చేతుల మీద ఇంటికి మోసుకొస్తాడు. నువ్వు పైపర్‌ను ముందు వరసలో కూర్చోబెట్టి, నిజం కాదని తెలిసీ చప్పట్లు కొడతావా? నీ మంచం పక్కన ఎవరు కూర్చున్నారో నీకు తెలుసు. అమ్మ కూర్చుంది. నన్ను రానివ్వలేదు.

ఈ ఉత్తరం నీ మంచి కోసం రాస్తున్నానని చెప్పను. నా కోసమే రాస్తున్నాను. నాకు యాభై మూడేళ్లు. నలభై ఏళ్లుగా ఒక నటుడి మీద అసూయ పడుతూ బతికాను. అంతకన్నా సిగ్గుమాలిన పని ఉందా? నువ్వు ప్రేమించిన ఆ మాటలు నావి, నువ్వు ద్వేషించిన మనిషినీ నేనే. ఈ రెంటినీ కలిపి నీ ముందు పెడుతున్నాను. ఏం చేసుకుంటావో నీ ఇష్టం. తుఫాను పైలట్‌ను నీ నుంచి లాక్కున్నానని నా మీద కోపం వస్తుంది. రానీ. ఈసారి కోపానికైనా నిజమైన కారణం ఉంటుంది.

బ్రానక్ సంతకం పడిన కాగితం ఇందులోనే పెట్టాను. అది నీది. అమ్మ పోయాక ఆమె బీరువాలో బట్టల అడుగున, రబ్బరు బ్యాండు వేసి, నా మిగతా ఉత్తరాలు దొరికాయి. ముప్ఫై ఒకటి ఉన్నాయి. ఒక్కటీ చింపలేదు ఆవిడ. అవి ఇప్పుడు పంపడం లేదు. పిల్ల రాతలు, చెప్పుకోదగ్గవేమీ కాదు. ఒకదాంట్లో అయితే కుక్కకు పేలు పట్టిన సంగతి తప్ప ఏమీ లేదు. చదవాలనిపిస్తే నువ్వే అడగాలి. ఫోన్ వద్దు, హైడీ చేత చెప్పించడం వద్దు. నీ చేత్తో, నా పేరు మీద రాసి అడుగు. అప్పుడు పంపుతాను.

ఇట్లు,
నీకు ముప్ఫై మూడు ఉత్తరాలు రాసిన
అక్క
డార్లా